ఏడు వందల ముప్పై ఆరో నంబరు కడ్డీ

మా ఇంట్లో ఎవరికైనా దిష్టి తీస్తుంటే పక్కగదిలోకి వెళ్లిపోయే రకం నేను. తిరుపతిలో ఒక జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నాను. దెయ్యాలు, పూనకాలు, చనిపోయినవాళ్లు కలలోకి వచ్చి చెప్పడాలు, ఇవేవీ ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

ఇది మా మేనత్త వల్లెమ్మ సంగతి. ఉండేది నగరిలో. వయసు డెబ్బై ఎనిమిది. మా మామ పోయాక పవర్‌లూములు చాలాకాలం ఆమే నడిపింది. ఇప్పుడు కూతురు భువన చూసుకుంటోంది.

అత్త పాత వెండి కడ్డీలు పోగుచేస్తుంది. దొరికినవన్నీ కాదు. ఒకప్పుడు మద్రాసులో ఒక వెండి కొట్టువాళ్లు పది తులాల కడ్డీలు పోసి, ఒక్కోదాని మీద నెమలి ముద్ర, దాని కింద వరస నంబరు కొట్టి అమ్మేవాళ్లు. ఆ కొట్టు మూతబడి చాలా కాలమైంది. పెళ్లప్పుడు మా తాత ఆమెకిచ్చినవి అలాంటివే రెండు. 733, 734.

పదిహేడేళ్ల పిల్ల, ఐదో తరగతి దాకా చదువుకున్న పిల్ల, ఆ రెండు నంబర్లు చూసి ఆలోచనలో పడిందట. వీటికి ముందరిది ఎవరింట్లో ఉంది, తర్వాతది ఎక్కడికి పోయింది అని. ఒక్కో పోతకు పది కడ్డీలు పోసేవాళ్లని తర్వాత ఎవరో ముసలి ఆచారి చెప్పాడు. అంటే 731 నుంచి 740 దాకా.

"ఒకే పొయ్యి మీద ఒకే పొద్దున పుట్టినవి అబ్బా ఇవి. తోడబుట్టినోళ్లను తలా ఒక దిక్కుకు పంపేసినారు" అనేది నాతో. ఆ పదింటినీ ఒకచోట చేర్చాలన్నదే ఆమె పట్టుదల. అరవై ఏళ్లుగా అదే పట్టుదల.

ఆమె పద్ధతి చూస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది. ఎవరి దగ్గరా బేరమాడేది కాదు. తూకానికి తూకం ఇంకో కడ్డీ ఇచ్చి, పైన ఒక మంచి నేత చీర పెట్టి తీసుకునేది. 738 పుత్తూరులో ఒకావిడ దగ్గర ఉందని తెలిసింది. ఆవిడ ఇవ్వనంది. అత్త ప్రతి దీపావళికీ ఆ ఇంటికి వెళ్లి పలకరించి వచ్చేది. పదకొండేళ్లు వెళ్లింది, ఒక్కసారి కూడా కడ్డీ ఊసెత్తలేదు. పన్నెండో ఏడు ఆవిడే పిలిచి చేతిలో పెట్టింది.

దొరికిన ప్రతి కడ్డీ మీద పలచటి కాగితం వేసి పెన్సిల్‌తో రుద్దేది. నెమలి, నంబరు, వాటి మీది గీతలు, సొట్టలతో సహా కాగితం మీదకు దిగేవి. ఆ కాగితాలకు ఒక నోట్‌బుక్కు ఉంది, నంబరుకు ఒక పేజీ. ఒకసారి ఎవడో వేరే కడ్డీ మీద 736 అని కొట్టించి తెచ్చాడు. అత్త దాన్ని రూపాయి బిళ్లతో తట్టి, కళ్లు మూసుకుని విని, "ఇది ఆ పొద్దు పుట్టింది కాదు నాయనా" అని మర్యాదగా వెనక్కిచ్చేసింది. తర్వాత నేను అతన్నడిగి దాన్ని కాలేజీలో పరీక్ష చేసి చూస్తే అందులో రాగి పాలు ఎక్కువ ఉంది. నేను ఆసిడ్‌తో తేల్చినదాన్ని ఆమె చెవితో తేల్చింది.

అలా తొమ్మిది చేరాయి. 736 ఒక్కటే మిగిలింది. ఎక్కడైనా కనబడితే చేతిలో సిద్ధంగా ఉండాలని మారకం కడ్డీ ఒకటి నా దగ్గర కూడా పెట్టింది. అది మా బీరువాలో ఉన్నట్టు నాకూ అత్తకూ తప్ప ఎవరికీ తెలియదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు.

మొన్న వేసవిలో అత్త బాత్‌రూములో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. లేచి నడవమని డాక్టరు చెప్పాడు, మంచం పట్టి ఉంటే ఊపిరితిత్తులకు ప్రమాదమని గట్టిగానే చెప్పాడు. ఆమె లేవలేదు. వాకర్ తెచ్చి పెడితే గోడవైపు తిరిగి పడుకునేది. నలభై రోజులు గడిచాయి. నేను చూడటానికి వెళ్తే, "తొమ్మిది చాలులే అబ్బా. ఇంక నేను యాడికి తిరిగేది" అంది. ఆ మాట అత్త నోట వినడం అదే మొదలు. బయటికొచ్చి భువన ముందే ఏడ్చేశాను.

ఆ తర్వాతి వారం, శుక్రవారం పొద్దున, నేను కాలేజీకి బయలుదేరుతుంటే ఫోన్ వచ్చింది. తెలియని నంబరు. పెద్ద వయసు ఆడగొంతు.

"వాసుగారా? మేము వడమాలపేట నుంచి. నిన్న మీ మేనత్త మా ఇంటికి వచ్చిపోయినారు. ఈ పొద్దు మీరొస్తారని చెప్పినారు. మీ బీరువాలో ఒక కడ్డీ ఉండాదంట, తెమ్మన్నారు."

భువన ఎవరినో పంపి ఉంటుందనుకున్నాను. ఆమెకు ఫోన్ చేశాను. తాను ఎవరినీ పంపలేదంది. అమ్మ మంచం మీదే ఉంది, ఎక్కడికి వెళ్తుందంది. నాకు ఏమీ అర్థం కాలేదు. కాలేజీకి సెలవు పెట్టి, కడ్డీ సంచిలో వేసుకుని బయలుదేరాను.

వడమాలపేటలో మెయిన్ రోడ్డు నుంచి లోపలికి రెండు మలుపులు తిరగాలి. ఫోన్ చేసిన సుగుణమ్మ గారి ఇల్లు దొరకడానికి నేను ముగ్గురిని అడగాల్సి వచ్చింది. ఆమె, ఆమె భర్త మామిడి తోట చూసుకుంటూ ఉంటారు. నెమ్మదైన మనుషులు. కట్టుకథ అల్లి చెప్పే రకం కాదు.

సుగుణమ్మ గారు చెప్పినది ఇది. వాళ్ల అత్తగారి పెట్టెలో ఒక వెండి కడ్డీ ఉండేది. నల్లబడి, మీద ఏముందో కనబడని స్థితిలో ఉంది. కరిగించి దీపపు కుందులు చేయించాలని గురువారం పొద్దున గుడ్డలో చుట్టి పెట్టారు. ఆచారి దగ్గరికి వెళ్లబోతుండగా, పదకొండు గంటలప్పుడు గేటు దగ్గర ఒక పెద్దావిడ నిలబడింది. ఆకుపచ్చ నేత చీర. చేతిలో గుడ్డ సంచి.

"లోపలికొచ్చి కూర్చొని, 'దాన్ని కరిగించాకమ్మా. అది ఏడు నూర్ల ముప్పై ఆరు' అన్నారు. మేమింకా గుడ్డ కూడా విప్పలేదు" అంది సుగుణమ్మ గారు.

ఆవిడ చిటికెడు విభూతి అడిగి తీసుకుని కడ్డీని తోమిందట. నెమలి కనబడింది, నంబరు కనబడింది. రూపాయి బిళ్ల అడిగి తట్టి, కళ్లు మూసుకుని వింది. కాగితం కావాలంటే, గోడకున్న దినం కాగితాల క్యాలెండర్ నుంచి ఆ రోజు గురువారం కాగితం చింపి ఇచ్చారు. దాని మీద పెన్సిల్‌తో రుద్ది, మడిచి సంచిలో పెట్టుకుంది. నా పేరు, నా ఫోన్ నంబరు చెప్పి రాయించింది. మజ్జిగ తాగింది. సుగుణమ్మ గారి భర్త స్కూటర్ మీద తీసుకెళ్లి నగరి పోయే బస్సెక్కించాడు.

నా ఫోన్‌లో పాత పెళ్లి ఫోటో ఒకటి తీసి చూపించాను. అందులో ఇరవైమంది ఉన్నారు. భార్యాభర్తలిద్దరూ వెతుక్కోకుండా అత్త ముఖం మీదే వేలు పెట్టారు.

నేను నగరికి వీడియో కాల్ చేశాను. భువన ఫోన్‌ను మంచం దగ్గరికి తీసుకెళ్లింది. సుగుణమ్మ గారు తెరలోకి చూసి నిజంగానే నొచ్చుకుంది.

"అయ్యో, ఏమైంది పెద్దమ్మా? నిన్న చలాకీగా నడిచొచ్చినారు గదా!"

అత్త ఆమె ముఖంలోకి చూసింది. భయపడలేదు, ఆశ్చర్యపోయినట్టు కూడా కనబడలేదు.

"కడ్డీ జాగర్తమ్మా" అంది. అంతే.

మారకం కడ్డీ ఇచ్చి, ఆ కడ్డీ తీసుకుని నేరుగా నగరికి వెళ్లాను. గురువారం ఏం జరిగిందని భువనను గుచ్చి గుచ్చి అడిగాను. ఆమె చెప్పింది. ఆ రోజు పది గంటలకు అమ్మ నిద్రలోకి జారుకుంది. ఎంత పిలిచినా పలకలేదు. భయమేసి రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి ఆడుతోంది. ఒంటిగంట దాటాక లేచి అన్నం అడిగింది. ఆ మూడు గంటలూ భువన ఆ గదిలోనే కూర్చుని ఉంది.

అత్త నోట్‌బుక్కు తెమ్మంది. అది ఇనప బీరువాలో ఉంటుంది. తాళం చెవి భువన నడుము గుత్తిలో ఉంటుంది. అత్త పడిపోయిన రోజు నుంచి ఆ బీరువా తెరవనే లేదని భువన చెప్పింది. తెరిచి ఇచ్చింది. నేనే పేజీలు తిప్పాను. 735. తర్వాత 736. ఆ పేజీ ఖాళీగా ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను.

ఖాళీగా లేదు. అందులో మడిచిన కాగితం ఒకటి ఉంది. దినం క్యాలెండర్ కాగితం, గురువారానిది. దాని వెనక పెన్సిల్ రుద్దుడు. నెమలి తోక కింద గోరంత సొట్ట, 3 మీద సన్నటి అడ్డగీత. నా చేతిలో ఉన్న కడ్డీ పక్కన పెట్టి చూశాను. అదే సొట్ట. అదే గీత.

భువన ఆ కాగితాన్ని తిప్పి చూసింది. అలాంటి క్యాలెండర్ వాళ్లింట్లో లేదు.

అత్త మాత్రం వాటిలో దేన్నీ పట్టించుకోలేదు. లేపి కూర్చోబెట్టమంది. పది కడ్డీలనూ దుప్పటి మీద వరసగా పేర్చింది. ఒక్కోదాన్నీ తట్టి, తలవంచి వింది. ఆ ముఖం నేను ఎప్పటికీ మరచిపోను. తప్పిపోయిన బిడ్డలందరినీ బడి గేటు దగ్గర లెక్కపెట్టుకుంటున్న తల్లిలా ఉంది. తర్వాత, "భువనా, ఆ వాకర్ ఇట్లా తే" అంది.

ఆ రోజు గుమ్మం దాకా నడిచింది. వారానికి వీధి చివరిదాకా. డాక్టరు తన మందుల గొప్ప అనుకున్నాడు, మేమూ కాదనలేదు.

నేను మాత్రం ఊరుకోలేకపోయాను. కుందులు చేయాల్సిన ఆచారిని కలిశాను. కడ్డీ సంగతి తనకే ముందు తెలియదన్నాడు. అత్తకు అక్కచెల్లెళ్లు లేరు. మా బంధువుల్లో ఎవరికీ వడమాలపేటలో పరిచయాలు లేవు. భువన అబద్ధం చెబుతోందా అని కూడా అనుమానించాను, తర్వాత సిగ్గుపడ్డాను. నిద్రలో నడవడం అందామా అంటే, తుంటిలో ఇనప రాడ్డుతో మంచం దిగలేని మనిషి.

నెలన్నర తర్వాత సుగుణమ్మ గారికి చీర ఇవ్వాలని అత్త పట్టుబట్టింది. కారులో తీసుకెళ్లాను. మెయిన్ రోడ్డు పక్కన కారు ఆపి, తాళం వేసి తిరిగి చూసేసరికి అత్త చేతికర్ర పట్టుకుని ముందు వెళుతోంది. దారి చెప్పబోయి ఆగిపోయాను. మొదటి మలుపు తిరిగింది. రెండో మలుపు తిరిగింది. ఎవరినీ అడగలేదు, ఎక్కడా తడబడలేదు. ఆ గేటు ముందే ఆగింది.

సుగుణమ్మ గారు బయటికొచ్చి చేతులు పట్టుకుంది. అత్త మొదట అడిగిన మాట ఇది:

"ఏర్పేడుకు పోయిన కోడలికి కాన్పయిందా సుగుణమ్మా?"

"అయింది పెద్దమ్మా. మీరు వచ్చిపోయిన నాలుగో దినమే. ఆడబిడ్డ."

ఆ ఇంట్లో ఒక కోడలు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. నేను వెళ్లినప్పుడు గానీ, వీడియో కాల్‌లో గానీ ఆ ప్రస్తావనే రాలేదు. వాళ్లిద్దరూ పాత స్నేహితుల్లా మాట్లాడుకుంటూ లోపలికి వెళ్లారు. చీర సంచి పట్టుకుని నేనూ వెనకే వెళ్లాను.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అడిగాను, కోడలి సంగతి నీకెలా తెలుసత్తా అని.

"నోట్లోకొచ్చింది, అడిగినా. యాడినించి వచ్చిందో నాకూ తెల్దురా" అంది.

ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆమెకే తెలియనిది నాకెలా తెలుస్తుంది?