నోయిడాలో పూసిన ఆరు రేకుల మందారం

ఆ రోజుల్లో ఢిల్లీ కరోల్ బాగ్‌లో ఓ మేడమీది గదిలో ఇద్దరం ఉండేవాళ్ళం. నేను బాటనీ డిగ్రీవాణ్ణి. నాతో ఉండే వరంగల్ అన్న చరిత్రలో ఎం.ఏ. చేసి, సివిల్స్‌కు మాత్రం తెలుగు సాహిత్యం పట్టుకున్నాడు. ఎందుకన్నా అంటే, "చరిత్రను నమ్ముకుంటే నేనే చరిత్రల కలుస్త తమ్మీ" అనేవాడు. మా సందులో ఇంజనీర్లూ, పశువుల డాక్టర్లూ కూడా చదివింది అటకెక్కించి పద్యాలు వల్లించేవారు. వినీ వినీ పిట్టగోడమీది పావురాలు ఛందస్సు తప్పకుండా కూసేవి. నమ్మకపోతే మీ ఇష్టం.

నాకు అంత ఓపిక లేదు. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే నాన్న తేల్చేశాడు. "మామిడికాయలు దిగేలోగా ఉద్యోగం రాకపోతే బయల్దేరి వచ్చెయ్యి. బీ.ఈడీ. చేద్దువుగాని."

ఢిల్లీ వదలాలంటే ప్రాణం ఒప్పలేదు. పొగమంచు పొద్దుల్లో బస్సులో కూర్చుంటే ఊరంతా ఇంకా ఎవరూ ఊహించని ఊరులా ఉండేది. అందులో నేనూ ఏమైనా కావచ్చుననిపించేది.

ఏ డిగ్రీ అయినా సరేనన్న ప్రకటన చూసి నోయిడా వెళ్ళాను. హోటళ్ళకు ప్లాస్టిక్ పూలు చేసే కార్ఖానా అది. యజమాని, నెరిసిన గడ్డం పెద్దాయన, నా సర్టిఫికెట్ చూసి నవ్వాడు.

"బాటనీయా? ఇక్కడ కుండెడు మట్టి కూడా లేదు బేటా."

బల్లమీద ఎర్రమందారం ఉంది. నోరు ఊరుకుంటుందా?

"మందారానికి అయిదే రేకులండీ. మీరు ఆరు పెట్టారు."

ఆయన ముఖం వాడిపోయింది. "అచ్చు మార్చాలా? గోడౌను నిండా ఇవే ఉన్నాయి!"

నా ఉద్యోగం గుమ్మం దాటి వెళ్ళిపోవడం కళ్ళారా చూశాను. వెంటనే గొంతు తగ్గించాను.

"అంటే మామూలు మందారం సంగతి. మా తూర్పు కొండల్లో ఆరు రేకులది ఒకటుంది. వెన్నెల్లోనే పూస్తుంది. దాని కింద నిద్రపోయినవాడికి మరుజన్మ కలలో కనిపిస్తుంది."

కార్ఖానాలో యంత్రాల చప్పుడు ఆగినట్టయింది. ఆ కొండ నాకూ కనిపించింది. చల్లగాలి, ఎర్రటి పూలు, కింద నిద్రపోతున్న నేను.

"అచ్ఛా," అన్నాడాయన మెల్లగా. "ఇదే పూలకు కట్టే అట్టమీద రాసిపెడతావా? మిగతా పూలన్నిటికీ ఇలాంటి కథలు?"

మర్నాటి నుంచి అదే నా ఉద్యోగం. సాయంత్రం గదికొచ్చి చెబితే అన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "బాటనీ నువ్వు జదివినవ్, సాహిత్యం నేను జదువుతున్న. రెండిటి జీతం నీకే వచ్చెగద తమ్మీ!"

నాన్నకు ఫోన్ చేశాను.

"నువ్వు చదివినదాంట్లోనేనా?"

"అవును నాన్నా. పూల పనే."

బూత్ అద్దానికి అవతల రోడ్డు ఎండలో తేలిపోతోంది. నాన్న గొంతు మెత్తబడింది.

"అక్కడ ఎండలెక్కువంటారు కదరా. మొక్కలకి నీళ్ళు సరిపోతున్నాయా?"

"పుష్కలంగా నాన్నా," అన్నాను. "ఒక్కటీ వాడలేదు."