సున్నం లేని గోడలు

వేసవిలో కెనడాలో, కిచెనర్ ఊళ్లోని మా ఇంటి రాతిమెట్లు బాగా కాగినప్పుడు వాన పడితే ఒక వాసన లేస్తుంది. దానితో పాటే కాలేజీలో మాకు చరిత్ర చెప్పిన విమల గారు గుర్తొస్తారు. ఆ రోజు ఆఫ్రికాలోని గ్రేట్ జింబాబ్వే అనే పాత రాజధాని గురించి క్లాసులో నా రూమ్మేట్ నరేశ్ ప్రెజెంటేషన్ ఇస్తున్నాడు. "ఈ గోడలు అరబ్బులు కట్టి ఉంటారు" అనగానే ఆవిడ చెయ్యెత్తి ఆపేశారు.

అప్పట్లో మా కాలేజీలో ఏ క్లాసు చూసినా సగం తెలుగువాళ్లమే. నేను పత్రికలో చాలాకాలం పనిచేసి ఆలస్యంగా చదువుకు వచ్చాను. పార్ట్‌టైమ్ షిఫ్టులకు అడ్డురాదని అందరం ఆఫ్రికా చరిత్ర తీసుకున్నాం. కాకినాడ నుంచి జింబాబ్వే వెళ్లి, అక్కడ ఏళ్లతరబడి పాఠాలు చెప్పి కెనడా చేరిన మనిషి విమల గారు. గ్రేట్ జింబాబ్వే గురించి సొంత ఊరి గురించి చెప్పినట్టే చెప్పేవారు. పశువుల మందలతో బలపడిన రాజ్యం, సముద్రతీరానికి బంగారం పంపి మన దేశపు గాజుపూసలు, చైనా పింగాణీ తెప్పించుకున్న నగరం, రాళ్ల మధ్య చుక్క సున్నం లేకుండా నిలిచిన గోడలు.

ఆ ప్రెజెంటేషన్ రోజు క్లాసయ్యాక నరేశ్ నన్ను వెంటబెట్టుకుని క్యాంటీన్‌లో ఆవిడ ముందు నిలబడ్డాడు.

"మేడమ్, ఈ సబ్జెక్ట్ పోతే నా స్టడీ పర్మిట్‌కే ఎసరు."

"ముందు కూర్చోవయ్యా. మీది కరీంనగర్ కదా, అక్కడ బండ ఎలా పగలగొడతారు?"

"మా తాత పని అదే మేడమ్. బండ మీద మంట పెడతరు. మంచిగ కాగినంక నీళ్లు గుమ్మరిస్తే పలక లెక్క లేస్తది."

"ఏ అరబ్బు నేర్పాడు మీ తాతకి?"

నేను నవ్వాను. వాడు నవ్వలేదు.

"ఎవరు నేర్పుడేంది మేడమ్, మావోళ్ల పనే అది."

"ఆ గోడలు కట్టినవాళ్లకీ అంతే. అదే మంట, అవే నీళ్లు. అక్కడివాళ్లే కట్టారంటే ఆ నేలని ఏలిన తెల్లదొరలు ఒప్పుకోలేదు. వాళ్ల మాటే నువ్వు ఇంటర్నెట్‌లో ఏరుకొచ్చావు. సోమవారం మళ్లీ చెప్పు."

సోమవారం నరేశ్ కాగితం చూడలేదు. తాత పెట్టిన మంటతో మొదలుపెట్టి, ఆ గోడలు కట్టిన షోనా ప్రజల పూర్వీకుల దాకా వెళ్లాడు. అంత నగరాన్ని ఎందుకు వదిలేశారని ఎవరో అడిగారు. బంగారం వ్యాపారం ఉత్తరానికి మళ్లిందని కొందరు, గడ్డి, కట్టెలు అయిపోయాయని కొందరు అంటారని చెప్పి, "నాకు తెలియదు" అన్నాడు. వెనక వరసలో విమల గారు నా వైపు వంగి, "చూశావా మనవాణ్ణి" అన్నారు. వాడు పాసయ్యాడు.

ఇప్పుడు ఆవిడ లేరు. ఒక పని ఎవరిదని రాయవలసి వస్తే, ముందు ఆ పని చేసినవాళ్ల మనవలను వెతుక్కుంటూ వెళతాను. ఆ గోడలు నిలిచే ఉన్నాయి. వాటి మధ్య బతికినవాళ్లు ఎందుకు వెళ్లిపోయారో ఇంకా తేలలేదు.