ఇసుకలో నిలబడిన కుండ

మా చిన్నప్పుడు... సత్యవేడు దగ్గర మా చేని బావిలో పూడిక తీస్తుంటే తాతకు ఒక సగం కుండ దొరికింది. పైభాగం విరిగిపోయింది. అడుగేమో ముల్లంగిలా మొనదేలి ఉంది... నేల మీద పెడితే పడిపోయేది.

యుద్ధం రోజులవి. నాయన పటాలంలో చేరి ఈజిప్టుకు పోయాడు. చాలాకాలంగా ఏ కబురూ లేదు. అమ్మ అన్నం ముందు కూర్చునేది గానీ ముద్ద దిగేది కాదు...

మా బడి అయ్యవారు కుండను చూసి, ఎంతో పూర్వం ఇలాంటివి ఆ ఈజిప్టు వైపు నుంచే ఓడల్లో వచ్చేవన్నారు. మన మిరియాలు, బట్టలు కొనుక్కుపోయేవారట. కానీ ఒకరి దేశం ఒకరు కళ్లారా చూసింది తక్కువ. అందుకే మన దేశంలో కుక్కమొహాల మనుషులుంటారని ఆ పడమటివాళ్లు పుస్తకాల్లో రాసుకున్నారట.

"సూసినోడు రాసినాడా, సూడనోడా?" అని అడిగింది మా అవ్వ.

"చూడనివాడేనమ్మా" అన్నారు అయ్యవారు.

అవ్వ ఆ కుండను తీసుకుపోయి, వంటింటి మూల తాగేనీళ్ల కడవ కింద పోసే తడి ఇసుకలో గుచ్చింది. కదలకుండా నిలబడింది...

"సూడు మే" అంది అమ్మతో. "వాళ్లూ మన మాదిరే కడవలు ఇసకలో పెట్టేటోళ్లే. మావోడికి దప్పికైతే ఇన్ని నీళ్లు పొయ్యకుండా ఉంటారా?"

అందులో వచ్చేది నీళ్లు కాదు, ద్రాక్షసారా అని అయ్యవారు గొణిగారు. అమ్మ వినిపించుకోలేదు. ఆ పూట అన్నం తిన్నది.

యుద్ధం ముగిశాక నాయన తిరిగొచ్చాడు... మనిషి చిక్కిపోయి, మాట తగ్గిపోయి. అమ్మ ఒక్కటే అడిగింది. "ఆడ నీళ్లు ఇచ్చినారా?"

నాయన కుండ నిలబడిన ఆ ఇసుక వైపు చూశాడు.

"ఇచ్చినారు" అన్నాడు.

ఆ దేశం గురించి అంతకుమించి బతికినన్నాళ్లూ చెప్పలేదు. నిజమే చెప్పాడో, అమ్మ కోసం అన్నాడో నాకు ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు తొంభైకి దగ్గరపడ్డాను. మనవరాలి ఫోన్‌లో ఆ వైపు ఎడారులు, యుద్ధంలో కూలిన ఇళ్లు, బిడ్డల్నెత్తుకుని పరుగెత్తే జనం... అన్నీ కనిపిస్తాయి. చూసి చూసి అలసిపోయాను. ఆ వీడియోల కింద మనవాళ్లు ఆ జనం గురించి రాసే మాటలు చదివితే మళ్లీ ఆ కుక్కమొహాల కథే... కాకపోతే ఈసారి చూస్తూ కూడా రాస్తున్నారు.

ఆ జనానికి నీళ్లు దొరుకుతున్నాయా అని అడిగేవాళ్లే కనబడరు... మీ ఇంట్లో అలా అడిగిన అవ్వో అమ్మో ఉంటే, ఆవిడ గురించి రాయండి. చదువుకుంటాను.