మా ఆయన చేతుల కోసం గుంటూరు ప్రయాణం

కురిచేడు స్టేషనుకి మేము ఉదయం ఆరుంబావుకే చేరాం. బండి ఆరూ యాభైకి. మా ఆయన ఇరవై నాలుగేళ్ళు మిలటరీలో చేసి వచ్చిన మనిషి. రైలుకి అరగంట ముందు ప్లాట్‌ఫారం మీద లేకపోతే ఆయనకి తోచదు. నేను నీళ్ళ సీసా, కాగితాల సంచీ ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. ఆయన నిలబడే ఉన్నారు.

ఎందుకు బయలుదేరామో ముందే చెప్తాను. మా ఆయన పేరు ఆంజనేయులు. సర్వీసులో ఉండగా రెండు చలికాలాలు మంచుకొండల మీద కాపలా కాశారు. చేతివేళ్ళకి తిమ్మిరి ఉందని ఎప్పుడో ఒకసారి అనేవారు, అంతే. రిటైరయ్యేటప్పుడు మెడికల్ బోర్డువాళ్ళు అడిగితే "బాగానే ఉన్నాయి సార్" అని వచ్చేశారు. తరవాత ఆ తిమ్మిరి మణికట్టు దాకా పాకింది. దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో గేటు డ్యూటీకి కుదిరి, పెన్ను వేళ్ళలోంచి జారిపోతుంటే రిజిస్టరు రాయలేక తనే మానుకున్నారు. అప్పుడు డిజబిలిటీ పింఛనుకి దరఖాస్తు పెట్టాం. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందనడానికి ఆధారం లేదని జవాబు వచ్చింది.

ఒంగోలులో మాజీ సైనికుల పని చూసే గుమాస్తాగారు ఆ కాగితం చదివి, "అప్పీలు చేసుకోండమ్మా. కాకపోతే బయట నరాల డాక్టరు చేత పరీక్ష చేయించండి. జబ్బేంటి, ఎందుకొచ్చింది, ఎప్పటినుంచి ఉంది, ఈ మూడూ రాయించుకు రండి. అవి లేకపోతే అప్పీలు నిలబడదు" అన్నారు. మా వైపు మిలటరీకి వెళ్ళొచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకి దారి తెలుస్తుందని ఇది రాస్తున్నాను.

బండి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. జనం పెద్దగా లేరు. మా ఎదురుగా పక్క ఊరి సుబ్బారావు కూర్చున్నాడు, మా ఆయనకి వరసకి బావమరిది. గుంటూరు మిర్చి యార్డులో చూపించడానికి సంచీ నిండా ఎండు మిరపకాయలు తెచ్చాడు.

"ఏం మిలటరీ బావా, ఎక్కడికి?"

"ఊరికేరా. చెకప్పుకి."

"ఊరికే అయితే అక్క కూడా ఎందుకు? గుంటూరులో సినిమాకి తీసుకెళ్తున్నావా ఏంటి?"

"ఒరేయ్, ముందు ఆ సంచీ మూతి కట్టరా. పెట్టె మొత్తం తుమ్ముతోంది."

నిజంగానే అందరూ తుమ్ముతున్నారు. సుబ్బారావు నవ్వుతూ మూతి బిగించి నావైపు తిరిగాడు. "ఏమన్నా అను అక్కా, బావ చేతులు దేవుడిచ్చినవి. నిరుడు మా ఇంట్లో పదికిలోల కొరివికారం ఒక్కడే కలిపాడు. మా ఆవిడ కిలో కలిపి, తెల్లార్లూ మజ్జిగ్గిన్నెలో చేతులు పెట్టుకుని నన్ను తిట్టింది."

కొరివికారం అంటే పండుమిరపకాయల పచ్చడి. ఆ పచ్చడి పెట్టే రోజుల్లో మా ఊళ్ళో ఏ ఇంట్లోనైనా "బాబాయ్, కాస్త వచ్చి కలిపి పెట్టవా" అని మా ఆయన్నే పిలుస్తారు. ఈయన మోచేతుల దాకా ముంచి కలిపి, చెయ్యి కడుక్కుని వచ్చేస్తారు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకుంటే నాకు గొప్పగా ఉండేది. ఆ రోజు రైల్లో కూడా గొప్పగానే నవ్వాను.

వినుకొండ దాటేసరికి ఎండ వచ్చింది. రెండు పక్కలా నల్లనేల మీద ఎర్రగా మిరప కల్లాలు, మధ్యమధ్య ఆఖరి తీతకి వచ్చిన పత్తి. నరసరావుపేటలో ఎనిమిదిన్నర. నల్లపాడులో సిగ్నలు లేక బండి పాతిక నిమిషాలు నిలబడిపోయింది. సుబ్బారావు "నేనిక్కడే దిగి ఆటోలో పోతా" అని సంచీ భుజాన వేసుకుని దూకాడు. తొందర పనులున్నవాళ్ళు అలాగే చేస్తారట. మేము కూర్చునే ఉన్నాం. గుంటూరులో దిగేసరికి పది కావస్తోంది.

స్టేషను బయట ఇడ్లీ తిన్నాం. కారప్పొడి, నెయ్యి వేసి ఇచ్చారు, బాగుంది. అక్కణ్ణుంచి కొత్తపేటకి ఆటో. ఆ వీధుల్లో ఎటు చూసినా డాక్టర్ల బోర్డులే. మాకు చెప్పిన నరాల డాక్టరుగారి దగ్గర చీటీ తీసుకుంటే పద్నాలుగో నంబరు వచ్చింది. వెళ్ళేవాళ్ళు కూర్చోవడానికి ఓపిక చేసుకుని వెళ్ళండి. చూసినందుకు ఒక ఫీజు, నరాల పరీక్షకి వేరే. ఎంతో ముందే అడగండి.

పక్కన కూర్చున్న పెద్దావిడ నన్ను చూసి, గోడకి ఆనకుండా నిటారుగా నిలబడ్డ మా ఆయన్ని చూసింది.

"జబ్బు ఎవరికమ్మా, నీకేనా?"

"కాదండీ, ఆయనకి."

"ఆయనకా! జబ్బు మనిషి అలా నిలబడతాడుటే?"

పన్నెండింటికి పిలిచారు. డాక్టరమ్మకి నలభై ఉంటాయేమో. కాగితాలన్నీ తిరగేసి చదివి, మా ఆయన చేతులు బల్ల మీద పెట్టించి, సన్నటి సూదితో వేళ్ళ మీద తాకిస్తూ అడిగింది.

"తెలుస్తోందా?"

"తెలుస్తోంది సార్." ఆడ డాక్టరైనా ఆయనకి సారే.

"ఇక్కడ?"

"తెలుస్తోంది సార్."

పది వేళ్ళకీ అదే జవాబు. డాక్టరమ్మ సూది పక్కన పెట్టేసింది. "అన్నీ తెలుస్తుంటే నన్నేం రాయమంటారు? నేను చూసిందే రాస్తానండి. మీకు కావలసింది రాయను."

ఈయన చూస్తే, సెల్యూట్ కొట్టేవాడిలా ముందుకి చూస్తూ కూర్చున్నారు. ఇక నోరు విప్పక తప్పలేదు.

"అమ్మా, ఆయన సూది వంక చూసి చెప్తున్నారు. కళ్ళు మూయించి అడగండి."

"నువ్వూరుకో కోటమ్మా" అన్నారు ఆయన.

"ఆవిడ సరిగ్గానే చెప్పింది. మూయండి" అంది డాక్టరమ్మ.

మూశారు. డాక్టరమ్మ చూపుడువేలు మీద గుచ్చింది. మాట లేదు. ఉంగరంవేలు. మాట లేదు. తరవాత సూది పైకెత్తి ఖాళీగా పట్టుకుంటే, అప్పుడు "తెలుస్తోంది సార్" అన్నారు. వేలి మీద ఆవగింజంత రక్తం వచ్చి ఉంది. నేను తల తిప్పేసుకున్నాను.

"ఎప్పటినుంచి ఇలా?"

"గుర్తు లేదు సార్."

అదీ నిజం కాదు. కాని కాగితాల్లో ఎక్కడా లేదు. కొండ మీద వేళ్ళు నల్లబడితే గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, కట్టు కట్టి, మళ్ళీ డ్యూటీకి పంపారని ఆయనతో పనిచేసినాయన ఒకసారి చెప్తే విన్నాను. దాన్ని ఎవరూ రాసిపెట్టలేదు. డాక్టరమ్మ కలం పట్టుకుని, "సర్వీసులో ఉండగానే మొదలైందని దేన్ని బట్టి చెప్పను?" అంది.

నాకు తేదీలు రావు. జరిగినవి మాత్రం వరసగా గుర్తుంటాయి. "పెళ్ళైన కొత్తలో సెలవుకి వచ్చి మాతో పాటు కల్లంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీశారమ్మా. ఒక్క పూటకే చేతులు మంటలని కుండెడు మజ్జిగ పాడుచేస్తే మా అత్తగారు తిట్టారు. తరవాత కొండల మీదనుంచి వచ్చిన సెలవులో రోజంతా తీశారు. నేను మజ్జిగ తెస్తే, అక్కర్లేదే అన్నారు. ఇప్పుడు మా ఊళ్ళో కొరివికారమంతా ఈయనే..." అంటూ నవ్వబోయి ఆగిపోయాను.

"అంతకుముందు మండేవి, ఆ తరవాత మండలేదు. అంతేనా?" డాక్టరమ్మ ముందుకి వంగింది.

"అంతేనమ్మా."

"అది వరం కాదమ్మా. గాయం."

ఇరవై ఏళ్ళు నేను పదిమందికీ చెప్పుకుని మురిసింది దాని గురించే. ఆయన వంక చూడలేకపోయాను.

"ఆ సెలవు ఏ సంవత్సరం?" అని అడిగింది. మా పెద్దమ్మాయికి అన్నప్రాసన ఆ సెలవులోనే చేశాం. పిల్ల పుట్టినరోజు ఆయన సర్వీసు పుస్తకంలో ఉంది. డాక్టరమ్మ దానికి ఆరు నెలలు కలిపి లెక్కేసుకుంది. అప్పటికింకా ఆయనకి పన్నెండేళ్ళ సర్వీసు మిగిలే ఉంది.

తరవాత పై అంతస్తులో నరాల పరీక్ష. చేతులకి తీగలు అంటించి చిన్నచిన్న షాకులు ఇస్తారు. పరీక్ష చేసే అమ్మాయి "నొప్పి పుడితే చెప్పండి సార్" అంది. కాసేపాగి ఈయన "మొదలెట్టావా తల్లీ?" అని అడిగారు. ఆ అమ్మాయి సగం పైన చేసేసింది అప్పటికే.

రెండింటికి భోజనం చేశాం. నాలుగుంబావుకి కాగితం చేతికొచ్చింది. రెండు పేజీలు, కింద సంతకం, ముద్ర. జబ్బేంటో, చలి దెబ్బ వల్లే వచ్చిందని తనెందుకు అనుకుంటోందో, ఎప్పటినుంచి ఉందో మూడూ రాశానని డాక్టరమ్మ చెప్పింది. "ఒప్పుకుంటారా లేదా అన్నది నా చేతుల్లో లేదు. నేను చూసింది, ఈవిడ చెప్పింది ఇందులో ఉన్నాయి" అంది.

అయిదున్నర బండికి కిటికీ పక్కనే సీట్లు దొరికాయి. నల్లపాడు దాటేదాకా ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. కోపమేమో అనుకున్నాను.

"ఆ మిరపకాయల గోలంతా అవసరమటే?" అన్నారు చివరికి.

"మీరు చెప్పకపోతే ఎవరు చెప్తారండీ? ఇన్నేళ్ళు నాకైనా చెప్పారా?"

"అక్కడ నా పక్కవాడికి నాలుగు వేళ్ళు తీసేశారే. నాకు పదీ ఉన్నాయి. ఉన్నవాటి మీద ఏమని చెప్పుకోను?"

నేను కాగితాల సంచీ ఆయన ఒళ్ళో పెట్టాను. కాసేపటికి ఆయన కాగితం తీసి మెల్లగా చదువుకున్నారు. "నీ పేరు నాలుగుచోట్ల రాసింది. నాది రెండు చోట్లే" అన్నారు. నవ్వొచ్చింది నాకు.

వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేదొకటే. డిశ్చార్జి పుస్తకం, పాత కాగితాలు ఎలాగూ తీసుకెళ్తారు. ఇంటి మనిషిని కూడా వెంట తీసుకెళ్ళండి. అప్పీలు ఏమవుతుందో నాకు తెలియదు. ఒక్క రోజు ప్రయాణంలో, ఇన్నేళ్ళు నా పక్కనే ఉన్న చేతులేంటో మాత్రం తెలిసింది.

నరసరావుపేటలో ఒక చంటిపిల్ల తల్లి ఎక్కింది. చంకలో బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తోంది. ఆమె ఫ్లాస్కులోంచి పాలసీసా నింపి, మూత బిగించి, ఎదురుగా ఉన్న మా ఆయనకి అందించబోయింది. "బాబాయిగారూ, కాస్త చల్లారాయేమో చూస్తారా? నాకు చెయ్యి ఖాళీ లేదు."

ఆయన చెయ్యి చాపలేదు. పెట్టెలో నలుగురూ వింటున్నారు.

"నా చేతులకి వేడి తెలియదమ్మా. డ్యూటీలో మంచుకి పోయింది. మా ఆవిడకివ్వు" అన్నారు.

నేను సీసా తీసుకుని ముంజేతి మీద ఒక చుక్క వేసుకున్నాను. పాలు ఇంకా కాలుతున్నాయి.