ఫ్యాక్స్ ఇల్లు

పేరొకటీ లోపలున్నది మరొకటీ అయితే ఆవిడకు ఒళ్లు మండుతుంది. వంటింట్లో ప్రతి డబ్బా మీదా చీటీ అంటించి ఉంటుంది. "ఉప్పు అని రాయకపోతే తెల్లారేసరికి పంచదారైపోతుందా ఏంటి?" అని మొగుడు వేళాకోళం చేస్తాడు. పంచదార డబ్బాలో ఉప్పు పోసిపెట్టే మహానుభావుడు ఆయనే కాబట్టి ఆవిడకు నవ్వు రాదు.

ఇక ఆఫీసు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆక్సిజన్ సిలిండర్లు సరఫరా చేసే కంపెనీలో ఆవిడ ప్రోగ్రామర్. సిలిండర్లు వెల్డింగ్ షాపులకూ వెళ్తాయి, ఊపిరందని రోగులున్న ఇళ్లకూ వెళ్తాయి. కంప్యూటర్‌లో కస్టమర్ల వివరాలుండే టేబుల్‌ను ఆవిడకు ముందు పనిచేసి రిటైరైన పెద్దాయన కట్టాడు. అందులో ఫీల్డుల, అంటే ఒక్కో వివరానికి కట్టిన గడుల, పేర్లు చూస్తే ఎవరికైనా తిక్క రేగుతుంది. డేట్, డేట్2, న్యూడేట్, న్యూడేట్2. ఏ డేటు దేనిదో దేవుడికే ఎరుక. ఉన్న ఫీల్డుతోనే సరిపెట్టాలి తప్ప కొత్తది పెట్టకూడదన్నది ఆయన పద్ధతి. అంత పిసినారితనం దేనికో!

కాళ్లావేళ్లా పడితే పేర్లన్నీ మార్చడానికి ఇన్నాళ్లకు మేనేజరు ఒప్పుకున్నాడు. ఆవిడ కొంగు బిగించి కూర్చుంది. ప్రతి పేరుకూ ముందు ఏ టేబుల్‌దో తెలిపే మూడక్షరాలు, ఆ తర్వాత అసలు విషయం పూర్తిగా. తుడిచి ముగ్గేసిన వాకిలిలా అయింది టేబుల్. చివరికి ఫ్యాక్స్ అనే ఫీల్డు మిగిలింది. ఫ్యాక్స్ మిషన్ పాతసామాన్ల వాడి పాలై ఎన్నేళ్లయిందో! పైగా అందులో ఒక్క నంబరూ లేదు. కొన్ని అడ్రసుల పక్కన మాత్రం 'వై' అని ఒకే అక్షరం. ఫ్యాక్స్ ఉందని గుర్తు కాబోలు అనుకుని ఆవిడ దాన్ని పీకి పారేసింది. వ్యాన్ వాళ్లకు లిస్టు తీసే ప్రోగ్రాం వెంటనే మొరాయించింది. చూస్తే, ఫ్యాక్స్‌లో 'వై' ఉన్నవాళ్లను అది పక్కన ఫ్యాక్స్ అని వేసి లిస్టులో ముందుకు తెస్తోంది. "ఫ్యాక్స్ ఉన్నవాళ్లకి ముందు మర్యాదా? బాగుంది సంబడం!" అని ఆ లైను కూడా తీసేసింది.

మర్నాడు మధ్యాహ్నం డిస్పాచ్ గుమస్తా భోజనానికి వెళ్లినప్పుడు అతని బల్ల మీద ఫోన్ మోగింది. ఆవిడే ఎత్తింది.

"అమ్మా, మా ఆయన సిలిండర్ అయిపోవస్తోంది. పొద్దున్నే రావాల్సింది, ఇంకా రాలేదు," అంది ఒక ముసలావిడ.

"లిస్టులో ఉంటుందండీ, వస్తుంది."

"రోజూ ముందు మా ఇంటికే వచ్చేదమ్మా. మాది ఫ్యాక్స్ ఇల్లు."

"ఏమిల్లు?"

"ఫ్యాక్స్ ఇల్లని చెప్పు, వ్యాన్ వాళ్లకి తెలుస్తుంది. దానర్థం నాకూ తెలీదు. సిలిండర్ మీటర్ ముల్లు ఎర్రగీత దాటిపోయిందమ్మా, కొంచెం తొందరగా..."

ఆవిడ "ఫోన్ పెట్టకండి," అని, అప్పుడే చేయి తుడుచుకుంటూ వస్తున్న గుమస్తా మీద విరుచుకుపడింది. "ఫ్యాక్స్‌లో వై అంటే ఏంటయ్యా?"

"ఇంట్లో రోగి ఉన్నాడని. కొత్త ఫీల్డెందుకని పెద్దాయన దాంట్లోనే పెట్టించారు."

"మరి నాకు చెప్పి చావొద్దూ?"

"మీరు అడగలేదు కదండీ. అందరికీ తెలిసిందేగా అనుకున్నా."

"అందరిలో నేను లేనా? పొద్దున లిస్టు తేడాగా ఉందని నీకైనా అనిపించలేదా?"

"అంతా బాగుచేశానన్నారుగా. బాగైందేమో అనుకున్నా."

తీసేసింది తను. అడక్కుండా తీసేసింది. తన సెల్‌లో డ్రైవర్‌కు ఫోన్ చేసింది. అతను ఊరి చివర వెల్డింగ్ షాపుల్లో సిలిండర్లు దించుతున్నాడు.

"రోగి ఉన్న ఇంటికి ముందు వెళ్లు బాబూ, అర్జెంటు!"

"ఏ రోగి అండీ? లిస్టులో అలా ఏం లేదే. ఇంకో రెండు షాపులున్నాయి, దించేసి..."

"ఫ్యాక్స్ ఇల్లయ్యా! ఫ్యాక్స్ ఇల్లు! ముసలాయన, ముసలావిడ!"

"అయ్యో, ఆ ముక్క ముందే చెప్పరేం!" అన్నాడు. వ్యాన్ తలుపు ధడాలున పడిన చప్పుడు వినిపించింది.

ఫ్యాక్స్ పీకకముందు దాచిన టేబుల్ కాపీ తెరిచి, మిగిలిన 'వై' ఇళ్లన్నీ గుమస్తాకు చదివింది. అతను తన సెల్‌తో ఒక్కో ఇంటికీ ఫోన్ చేసి కనుక్కున్నాడు. అందరి దగ్గరా సాయంత్రం దాకా సరిపడా ఉంది. ఆ ఒక్క ఇంట్లోనే లేదు. ఆవిడ మళ్లీ రిసీవర్ చెవికి ఆనించుకుంది. అవతల ముసలాయన ఊపిరి ఎగపీల్చే చప్పుడు, "వస్తున్నారటండీ, కాస్త ఓర్చుకోండి" అని భార్య బుజ్జగింపు. పేర్లూ వద్దు, పద్ధతులూ వద్దు, ఆ వ్యాన్ చేరితే చాలు భగవంతుడా అనుకుంది ఆవిడ.

చాలాసేపటికి తలుపు బాదిన చప్పుడు. అడుగులు. ఇనుము నేలకు తగిలిన మోత. ఆవిడ రిసీవర్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"పెట్టారమ్మా," అంది ముసలావిడ ఎట్టకేలకు. "రంగు తిరుగుతోంది ఆయనకి. నువ్వు కొత్తగా చేరావా తల్లీ?"

"కాదండీ. పాతదాన్నే."

"మా ఇంటికి ఆ పేరు పెట్టిన ఆయన ఎవరో గానీ, పదికాలాలు చల్లగా ఉండాలి. ఆ పేరే లేకపోతే ఇవాళ ఏమయ్యేవాళ్లమో! కనిపిస్తే నా మాటగా చెప్పమ్మా."

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. కళ్లనిండా నీళ్లూ వచ్చేశాయి.

"చెప్తానండీ," అంది.