లాజరస్ మామ చెప్పిన రెండో మాట

మా మామ లాజరస్‌ను మా చర్చికి వచ్చిన ప్రతి పాస్టరూ ఒక్కసారైనా మనసులో తిట్టుకునే ఉంటాడు. ప్రసంగం మధ్యలో పాస్టరుగారు ఫలానా అధ్యాయం, ఫలానా వచనం అంటే, ముందుగా దొరికినవాళ్ళు లేచి గట్టిగా చదవడం మా జువ్వలదిన్నెలో అలవాటు. మామ లేచాడంటే అడిగిన వచనంతో ఆగడు. దాని ముందుదీ వెనకదీ కలిపి చదువుతాడు. "చాలు లాజరస్‌గారూ" అన్నా వినడు. నడిమి ముక్క ఒక్కటి పట్టుకుని ఊగేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళు మంట. అవతల పొయ్యి మీద కూర ఏమవుతుందోనని నా ప్రాణం కొట్టుకునేది. అట్లాంటి మనిషి మాటనే నడిమికి కోసేశారు, వాళ్ళ చదువులు తగలెయ్య!

నేను ఆయన కోడలిని, మెర్లిన్‌ను. మోకాళ్ళు పట్టేసేదాకా మామ సముద్రం మీదికి వేటకు పోయాడు. తర్వాత హార్బరు దగ్గర వలలు బాగుచేస్తూ కూర్చున్నాడు. తమ్ముడు దావీదు సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు. కన్నకొడుకైన మా ఆయనకే సగం సగం తెలుసు.

ఆ మాట ఆయన నోటినుంచి రాబట్టింది మా అమ్మాయి అబిగయీలు. నెల్లూరులో ఎమ్మెస్సీ చదువుతోంది. వాళ్ళ లెక్చరరు సుశీల్ కుమార్ గారు సముద్ర జీవుల మీద తెలుగులో ఒక వికీ మొదలుపెట్టించారు. అంటే నెట్‌లో పదిమందీ కలిసి రాసే పుస్తకం. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దవచ్చు. ప్రతి మాటకూ మూలం చూపించాలి. వాక్యం చివర చిన్న అంకె ఉంటుంది, నొక్కితే ఆ మాట ఎక్కడిదో కనపడుతుంది. రాయడానికి అమ్మాయి వంతుకు కప్పచేప వచ్చింది. పట్టుకోగానే పొట్ట ఉబ్బించే చేప అది. వలలో పడితే మావాళ్ళు విసిరి పారేస్తారు.

"మీరెప్పుడన్నా తిన్యారా తాతా?" అని అడిగింది.

"తిన్యాం. వేట లేని కరువు రోజుల్లో కార్జం, గుడ్లు, తోలు తీసేసి కండ వండుకుని తిన్యాం" అన్నాడు మామ. వల ముడి ఒకటి బిగించి, మళ్ళీ అన్నాడు. "అట్టా కోసి వండిందే మా దావీదు తిన్యాడు. పెదాలు తిమ్మిరెక్కినాయి. కాళ్ళు పడిపోయినాయి. మాట రాకపోయినా నన్ను చూస్తానే ఉన్యాడు. నా ఒళ్ళోనే పోయినాడమ్మా. ఆ పొద్దుతో మా ఊళ్ళో దాన్ని ముట్టడం మానేసినాం."

అమ్మాయి రెండు మాటలూ రాసింది. రెండింటికీ మూలంగా తాత పేరూ ఊరూ పెట్టింది. సుశీల్ కుమార్ గారు మొదటి మాట ఉంచి రెండోది కొట్టేశారు. ఏం తినేవారో చెప్పడానికి వేటకు పోయినవాళ్ళ మాట చాలట. చావుకైతే ఆసుపత్రి కాగితం కావాలట. "రెండూ ఒకే నోట్లోంచి వచ్చినాయి గద సార్" అని అబిగయీలు అడిగితే, రూల్ అందరికీ ఒకటేనమ్మా అన్నారు. అమ్మాయి పంచాయతీ ఆఫీసుకు తిరిగింది. దావీదు చిన్నమామ ఆసుపత్రి గుమ్మం తొక్కి చచ్చాడా, కాగితం పుట్టడానికి! దొరికినప్పుడు పెడదాంలే అని వదిలేసింది. మొదటి మాట మాత్రం మామ పేరు తగిలించుకుని అక్కడే ఉండిపోయింది.

వానలు పోయాక ఒక రోజు ఇద్దరు మా గుమ్మంలో నిలబడ్డారు. పెంచలమ్మ, ఆమె తమ్ముడు పెంచలప్రసాద్. కోట అనే ఊరి దగ్గర రొయ్యల గుంటల కాపలా పనికి లోపలి ఊరినుంచి వచ్చినవాళ్ళు. వరి తప్ప సముద్రం ఎరగరు. అంతదూరం నుంచి బస్సులు మారి వచ్చారు.

"లాజరస్ అంటే ఎవురయ్యా?" అంది ఆమె.

"నేనేనమ్మా."

పెంచలప్రసాద్ ఫోన్ చూపించాడు. ఆ వాక్యం, దాని కింద మామ పేరు. ఎవరో కప్పచేపలని చెప్పి ఊరికే ఇచ్చారట. తినొచ్చా తినకూడదా అని వీడే ఫోన్లో వెతికి, అక్కకు చదివి వినిపించాడు.

"నువ్వు చెప్పినట్టే కోసినా గదయ్యా" అంది పెంచలమ్మ. "కార్జం తీసేసినా. గుడ్లు తీసేసినా. తోలు ఒలిచేసినా. ఇంగేం తీయాల్నో చెప్పు. మా ఇంటాయన చెంచురామయ్య నెల్లూరు ఆసుపత్రిలో పోయినాడు. నేను చేసిందాంట్లో తప్పేడుందో చెప్పు."

తప్పు తనదేమోనని కుమిలిపోతూ వచ్చింది ఆ పిచ్చి తల్లి!

"నీ తప్పు లేదమ్మా. నేను ఇంకో మాట గూడా చెప్పినా" అన్నాడు మామ.

"అదేడుందయ్యా?" అని ఆమె ఫోన్ మామ ముందుకు తోసింది. మామ కళ్ళు చిట్లించుకుని పైకీ కిందికీ వెతికాడు. ఉంటే గదా! చివరికి ఫోన్ తిరిగి ఇచ్చేసి, ఆమెకు చేతులెత్తి దండం పెట్టాడు. వాళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టకుండా పోయారు.

ఊరు ఊరుకుంటుందా? "పెద్దాయన పేరు చూసుకుని తిని చచ్చినారంట" అని హార్బరంతా గుసగుసలు. అబద్ధం ఆడని మనిషని ఇన్నాళ్ళూ ఆయన మాట మీద తగాదాలు తీర్చుకున్నవాళ్ళే, ఇప్పుడు ఆయన నోరు తెరిస్తే మొహం తిప్పుకున్నారు. చర్చిలోనూ మామ లేవడం మానేశాడు.

ఆసుపత్రి డాక్టర్లు చెంచురామయ్య కేసును ఒక వైద్య పత్రికలో రాశాక, అబిగయీలు ఇంటికి వచ్చింది. తాత పక్కన కూర్చుని, మార్చిన పేరా చదివి వినిపించింది. ఈ చేప కండ కూడా విషమేననీ, కోట దగ్గర తిన్న ఒకరు మరణించారనీ ఉంది. చివర అంకె, దాని కింద డాక్టర్ల పత్రిక పేరు.

"నీ పేరు తీసేసినారు తాతా. ఇంగ నిన్నెవురూ ఏమీ అనరు."

"ఎందుకు తీసినారు? ఆ యమ్మ మళ్ళా వొస్తే ఎవుర్ని అడగాల?" అన్నాడు మామ. తర్వాత, "దావీదు?" అన్నాడు.

"లేడు తాతా. కాగితం లేదు గదా."

మామ చేతిలో వల పక్కన పెట్టాడు.

"ఆ పొద్దు నా మాటకు కాగితం కావాలన్యారు. ఇప్పుడు దొరికింది. ఆ యమ్మ మొగుణ్ణి చంపి తెచ్చుకున్యారు గదమ్మా."

అబిగయీలు వల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కన్నతల్లిని, అయినా నేను ఓదార్చలేదు.