ఎనిమిదో రోజున పొక్కు చూడబోయాను

భయపడుతూనే నందిగామలో ఉదయం ఏడు గంటల బస్సు ఎక్కాను. అరవైల మొదట్లో సంగతి. ఇల్లిల్లూ తిరిగి మశూచి టీకాలు వేసే ఉద్యోగం నాది. చేరి నాలుగు నెలలయింది. గరికపాడు దగ్గర, పాలేటి ఒడ్డున ఉన్న ఒక పల్లెలో వారం కిందట రోజంతా తిరిగితే ఒక్క పిల్లకు మాత్రం టీకా వేయగలిగాను. గాజులమ్మే రత్తమ్మ మనవరాలు, ఏడాదిన్నర పిల్ల. ఆ పిల్లకేమవుతుందో చూసి చెబుతామన్నారు మిగతావాళ్ళంతా. ఊళ్ళో అప్పటికే రెండిళ్ళలో అమ్మవారు పోసింది. ఇప్పుడు టీకా వేయిస్తే ఆమెకు కోపం వస్తుందని వాళ్ళ భయం.

టీకా పట్టిందో లేదో ఎనిమిదో రోజున చూడాలి. అందుకే ఈ ప్రయాణం. ముందురోజు అటునుంచి వచ్చిన మిరపకాయల లారీ డ్రైవరు మా ఆఫీసు గుమ్మంలో ఆగి, పిల్ల ఒళ్ళు కాలిపోతోందని, నన్ను రమ్మన్నారని చెప్పి వెళ్ళాడు. టీకా వేశాక జ్వరం రావడం మామూలేనని శిక్షణలో చెప్పారు. అది తెలిసినా భయం తగ్గలేదు.

ఎనిమిదింపావుకు జగ్గయ్యపేట చేరాం. గరికపాడు వైపు బస్సు తొమ్మిదింటికి గాని లేదు. ఆ దారిన పోయేవాళ్ళు ఇక్కడే ఏదైనా తినాలి, అవతల ఏమీ దొరకదు. ఇడ్లీ తెప్పించుకున్నాను గాని తినలేకపోయాను.

రెండో బస్సులో నా పక్కన ఒకావిడ ఒళ్ళో బుట్ట పెట్టుకుని కూర్చుంది. ఎక్కడికని అడిగితే ఊరి పేరు చెప్పాను.

"ఆ ఊరా? టీకాలేసిన పిల్ల పోయిందంటగా అక్కడ," అంది.

ఎవరు చెప్పారంటే, సంతలో అనుకుంటున్నారంది. నేను టీకాల సంచి చీర కుచ్చిళ్ళ వెనక్కి జరుపుకున్నాను. గరికపాడులో దిగకుండా కూర్చుంటే ఆ బస్సు సూర్యాపేట దాకా పోతుంది. ఒంట్లో బాగాలేక వెళ్ళలేదని ఆఫీసులో చెప్పుకోవచ్చు. కండక్టరు రెండుసార్లు కేకేశాడు. రెండోసారి లేచాను.

అక్కణ్ణించి రెండు మైళ్ళు నడక. కల్లాల్లో ఎండబోసిన మిరపకాయల ఘాటుకు దగ్గుకుంటూ పదిన్నరకు ఊళ్ళో అడుగుపెట్టాను. అమ్మవారు పోసినందుకు వేపమండలు కట్టిన గుమ్మాలు రెండూ దాటాను. రత్తమ్మ ఇంటిముందు జనం ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు. నన్ను చూసి పక్కకు తప్పుకున్నారు.

పిల్ల తల్లి ఒళ్ళో ఉంది. బతికే ఉంది. ఒళ్ళు మాత్రం పెనంలా కాలుతోంది. జబ్బ మీద టీకా వేసినచోట మధ్యలో గుంటపడిన పెద్ద పొక్కు, చుట్టూ ఎరుపు. ఒంటిమీద ఇంకెక్కడా ఏమీ లేవు. ఇది టీకా పట్టిన గుర్తు, జ్వరం తగ్గిపోతుందని చెప్పాను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

తండ్రి, అంటే రత్తమ్మ కొడుకు, గడపలో నిలబడ్డాడు.

"తగ్గిందాకా మీరు ఊరు దాటటానికి లేదండి."

గొంతు పెంచలేదు, మర్యాదా తప్పలేదు. అందుకే నాకు మరింత భయమేసింది.

రత్తమ్మ ఒక తడిగుడ్డ నా చేతికిచ్చింది. ఇద్దరం పిల్ల ఒళ్ళు తుడుస్తూ కూర్చున్నాం. ఆమె ముఖం నిండా మశూచి మచ్చలే. బయట జనం కదల్లేదు. ఒంటిగంటకు ఎవరో మజ్జిగ తెచ్చి దూరంగా పెట్టి పోయారు. రెండు దాటాక పిల్ల మెడ దగ్గర చెమట తగిలింది. మూడింటికి కళ్ళు తెరిచి గంజి గ్లాసు లాక్కుంది. అప్పుడు ఏడ్చింది తల్లి.

రత్తమ్మ లేచి, పదమ్మా అంది. ఇంటింటికీ తనే ముందు వెళ్ళింది. గాజులు వేసేటప్పటిలాగే ఆడవాళ్ళ చెయ్యి పట్టుకుని, మాట్లాడుతూ రవిక చెయ్యి పైకి జరిపేది. తర్వాత నన్ను పిలిచేది. తల్లులు వేయించుకున్నాక పిల్లల్ని తెచ్చారు. వేపమండల ఇళ్ళలో ఒకటి తలుపు తీయలేదు. లోపల మూలుగు వినిపించింది. రత్తమ్మ చాలాసేపు పిలిచింది. తీయలేదు.

అయిదింటికి ఆమె నన్ను రోడ్డుదాకా సాగనంపింది. మీరెట్లా నమ్మారని దారిలో అడిగాను.

"నమ్మి కాదమ్మా. నా నలుగురు పిల్లల్లో ముగ్గుర్ని ఒకే నెల్లో అమ్మవారు తీసుకుపోయింది. ఇంక చేసేదేం లేక వేయించా. జ్వరం వచ్చిన కాడ్నించీ, నా చేత్తో నేనే దాన్ని చంపుకున్నా అనుకున్నా. మీరు రాకపోతే నా కొడుకు మొహం ఎట్టా చూడను?"

ఆరింటికి బస్సు దొరికింది. జగ్గయ్యపేట దాకా తలుపు తీయని ఆ ఇల్లే కళ్ళముందుంది. ఆ రోజుతో నా భయం పోయిందని రాస్తే అబద్ధం. ఆ మధ్యాహ్నమంతా నా పక్కన కూర్చుని ఒళ్ళు తుడిచిన మనిషి నాకంటే ఎక్కువ భయపడిందని మాత్రం తెలిసింది.